ఎన్నికల పిమ్మట అప్పు, పత్రము, రూపాయి



ఎన్నికల మాట వినబడిన నాటనుండి మన పల్లెలలో మరియొక మాటయు వినబడుట కలదు. "ఇప్పుడు సొసైటీ బాకీ కట్టబోకు. ఓట్లు కానీ, మాఫీ అయిపోతుంది" అని రచ్చబండకడ ఒకరు చెప్పుదురు, తక్కినవారు తలయూపుదురు. పండిన ధాన్యము అమ్మిన సొమ్ము చేతిలో నున్నవాడు సంఘ కార్యాలయమునకు పోవు త్రోవలోనే వెనుకకు మరలును. ఈ మాటలో నిజమెంత, భ్రమ యెంత? ఎన్నికల పిమ్మట అప్పు సులభముగా పుట్టునా, పుట్టదా? ప్రభుత్వము వ్రాసియిచ్చు పత్రమునకు విలువ యెక్కడనుండి వచ్చును? రూపాయి విలువ తగ్గినచో సంగం కాలువక్రింద వరి వేయు రైతునకు వచ్చెడి నష్టమేమి? ఈ ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటకు ఈ వ్యాసమున యత్నించెదను.

నేను చూచిన యొక సంగతి

2014వ సంవత్సరపు మార్చి నెలలో, ఎన్నికలకు కొన్ని వారములు ముందు, పైరు ప్రదర్శన క్షేత్రముల పనిమీద మన ప్రాంతపు పల్లె యొకదానికి పోయితిని. అక్కడ ఒక రైతు నూర్పిడి ముగించి ధాన్యము అమ్మియుండెను. ఆయనకు 90,000 రూపాయల పంట ఋణము వాయిదాకు వచ్చియున్నది. "అయ్యా, కట్టమంటారా, ఆపమంటారా? అందరూ ఆపుతున్నారు" అని నన్ను అడిగెను. నాకు లెక్క తెలియును. అయినను ఊరివారి మాటకు ఎదురు చెప్పుటకు వెనుదీసి, "నీ యిష్టము" అని చెప్పి వచ్చితిని. ఆ రెండు మాటలు నేటికిని నన్ను బాధించుచున్నవి.

ఆ రైతు కట్టలేదు. సొమ్ము ఇంటి ఖర్చులలో కలిసిపోయెను. ఎన్నికలయ్యెను, మాఫీయు వచ్చెను. అయితే ఊరివారు తలచిన విధమున రాలేదు. ఆనాటి పథకము ప్రకారము కుటుంబమునకు లక్షా యేబదివేలకు మించకుండ ఉపశమనము నిర్ణయింపబడెను. 50,000 లోపు అప్పులు ఒకేసారి తీర్చబడెను. అంతకు మించినవి ఐదు వాయిదాలుగా, మొదట నూటికి 20 వంతున, మిగిలినది ఏటేట 10 వడ్డీతో చెల్లించుట కేర్పాటయ్యెను. రైతు చేతికి ఋణ ఉపశమన పత్ర మొకటి ఇయ్యబడెను. దీని నిర్వహణకై రైతు సాధికార సంస్థ యనునది ఏర్పడెను.

ఆ రైతు 90,000లో వాయిదాకు 18,000 చొప్పున మూడు వాయిదాలు, అనగా 54,000 రూపాయలును వాటి వడ్డీయు వచ్చెను. మిగిలిన 36,000 నిలిచిపోయెను. 2019 మార్చిలో 4, 5 వాయిదాలకు ఉత్తరువు వెలువడెను. ఆ సంవత్సరపు ఎన్నికల పిదప ఏర్పడిన ప్రభుత్వము ఆ ఉత్తరువును రద్దుచేసెను. ఒక ఎన్నికలో పుట్టిన పత్రమునకు మరియొక ఎన్నికలో ఆయువు తీరెను.

54,000 వచ్చుట లాభముకాదా యని మీ రడుగవచ్చును. లాభమే, కాదని నేను చెప్పను. అయితే రెండవ ప్రక్క లెక్కయు వేయవలయును. పాతబాకీ తీరనందున ఆయనకు క్రొత్త పంట ఋణము రాలేదు. పైరు పెట్టుబడికి ఏటేట 60,000 రూపాయలు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. రెండు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు నూటికి 24. ఆరు నెలల పైరునకు వడ్డీ 7,200 రూపాయలు. సకాలమున చెల్లించువాని పంట ఋణమునకు కేంద్రపు తగ్గింపు పోగా వడ్డీ నూటికి 4. ఆరు నెలలకు 1,200 రూపాయలు మాత్రమే. మన రాష్ట్రమున లక్షవరకు ఆ నాలుగును రాష్ట్ర ప్రభుత్వమే భరించు పథకముకూడ ఆ దినములలో నుండెను. ఆ సంగతి విడిచినను పైరుకు 6,000 నష్టము. ఐదు పైరులకు 30,000. దీనిపై పాతబాకీ మీద వాయిదా దాటిన వడ్డీ పెరుగుచునే యుండెను. చివరకు ఆ రైతు మిగిలిన బాకీని వడ్డీతో తీర్చుటకు భార్య మెడలోని గొలుసు అమ్మెను. వచ్చిన 54,000 ఎక్కడికి పోయినదో ఆయనకు తెలియలేదు. కాగితముపై లెక్క వేసి చూపినప్పుడు మాత్రమే తెలిసెను.

పత్రమనగా నేమి?

పత్రమనగా మాట. ఇన్నాళ్లకు ఇంత అసలు, ఏటేట ఇంత వడ్డీ ఇత్తునని ఒకరు వ్రాసియిచ్చిన వాగ్దానము. మనము ప్రామిసరీ నోటు వ్రాయునట్లే ప్రభుత్వములును వ్రాయును. పత్రపు విలువను నాలుగు సంగతులు నిర్ణయించును. వ్రాసినవాడెవడు; వాని రాబడి యెంత; గడువెంత; గడువునకు ముందు దానిని మరియొకరికి అమ్ముకొనుటకు వీలున్నదా, లేదా.

రాష్ట్ర ప్రభుత్వము బజారులో అప్పు చేయదలచినప్పుడు రిజర్వు బాంకు ద్వారా పత్రములను వేలము వేయించును. బాంకులు, భీమా సంస్థలు, భవిష్యనిధులు వీనిని కొనును. రిజర్వు బాంకు వద్దనున్న ఖాతాలనుండి వడ్డీ తప్పక చెల్లింపబడును, కావలసినప్పుడు అమ్ముకొనవచ్చును. ఈ పత్రము ప్రభుత్వము మారినను మారదు. ఏ పక్షము వచ్చినను చెల్లించి తీరవలసినదే. రైతు కియ్యబడిన ఉపశమన పత్రము అట్టిది కాదు. దానిని అమ్ముటకు వీలులేదు. ఏటేట బడ్జెటులో కేటాయింపు జరిగి ఉత్తరువు వెలువడినప్పుడే దానికి ప్రాణము వచ్చును. రెండును కాగితములే, రెంటిపైనను ప్రభుత్వపు ముద్రయే. కాని యొకటి కట్టిన కాలువవంటిది, రెండవది కాలువ త్రవ్వుదుమని చెప్పిన మాటవంటిది.

పత్రపు వెలకును వడ్డీరేటునకును గల సంబంధమును కూడ తెలిసికొనుడు. ఏటేట 7 రూపాయలు ఎన్నటికిని ఇచ్చుచుండు పత్రమొకటి 100 రూపాయలకు కొంటిరనుకొనుడు. మరునాడు బజారులో క్రొత్త పత్రములకు నూటికి 8 వడ్డీ ఇయ్యబడినచో మీ పత్రమును 100కు ఎవరును కొనరు. 87 రూపాయల 50 పైసలకు అమ్మినగాని కొన్నవానికి నూటికి 8 గిట్టదు. వడ్డీ పెరిగిన పాత పత్రపు వెల తగ్గును. వడ్డీ తగ్గిన వెల పెరుగును. ఎన్నికల పిమ్మట క్రొత్త ప్రభుత్వము రాబడికి మించి ఖర్చుచేయునని అప్పిచ్చువారు శంకించినయెడల, అధిక వడ్డీ లేనిదే అప్పియ్యరు.

దీనికి మన రాష్ట్రముననే నిదర్శనము కలదు. 2018 ఆగస్టులో అమరావతి నిర్మాణమునకై రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ 2,000 కోట్ల రూపాయల పత్రములను బొంబాయి స్టాకు ఎక్స్చేంజిలో నమోదు చేసెను. వడ్డీ నూటికి 10.32. ఆ నెలలో కేంద్ర ప్రభుత్వపు పదేండ్ల పత్రముల వడ్డీ 8కి లోపలనే యుండెను. రెంటికి నడుమనున్న తేడా అప్పిచ్చువాని సందేహమునకు వెల. మరుసటి సంవత్సరము ఎన్నికలయ్యెను. రాజధాని పనులు నిలిచెను. ప్రపంచ బాంకు తాను ఆలోచించుచున్న 30 కోట్ల డాలర్ల ఋణమునుండి 2019 జూలైలో తప్పుకొనెను. 2024 ఎన్నికల పిదప పనులు మరల ఆరంభమై, అదే బాంకు ఆ సంవత్సరపు డిసెంబరులో 80 కోట్ల డాలర్లు మంజూరు చేసెను. ఏది మంచిది, ఏది చెడ్డది యని తీర్పు చెప్పుట ఈ పత్రికపని కాదు. ఎన్నిక మారిన అప్పు నడక మారునని చూపుటయే నా యుద్దేశము.

1937 ఎన్నికలు, 1938 చట్టము

ఇది నేటి వింత కాదు. మన తాతల కాలమున నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రములో నున్నప్పుడు ఇట్టి సంగతియే జరిగెను. 1929 పిదప ప్రపంచమంతటను ధరలు పడిపోయెను. ధాన్యపు వెల తగ్గెనుగాని అప్పుపత్రముమీది అంకె తగ్గలేదు. నూరు రూపాయల అప్పు తీర్చుటకు పూర్వమున్న దానికంటె ఎంతో యెక్కువ ధాన్యము కొలువవలసివచ్చెను. 1930లో మద్రాసు బాంకింగు విచారణ సంఘము రాష్ట్రములోని పల్లెల అప్పును 150 కోట్ల రూపాయలుగా అంచనా వేసెను. పల్లెల బంగారము బజారులకు, అక్కడనుండి ఓడలకు ఎక్కి పరదేశములకు పోయెను.

1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగి, జూలైలో చక్రవర్తి రాజగోపాలాచారిగారి మంత్రివర్గమేర్పడెను. టంగుటూరి ప్రకాశంగారు రెవెన్యూ మంత్రి. మన పొరుగుననున్న బుచ్చిరెడ్డిపాళెమునకు చెందిన బెజవాడ గోపాలరెడ్డిగారు స్థానిక స్వపరిపాలన మంత్రి. ఆ ప్రభుత్వము 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసెను. దాని సారమిది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దు. ఆ తరువాతి అప్పులకు నూటికి 5 వడ్డీయే లెక్క. అసలునకు రెండింతలు చెల్లించినవాని అప్పు తీరినట్లే. ఇకమీదట వడ్డీ నూటికి ఆరుంబావు, అనగా రూపాయికి ఏడాదికి ఒక అణా. ప్రభుత్వమునకును సహకార సంఘములకును ఇయ్యవలసిన బాకీలకు ఈ చట్టము వర్తింపదు.

ఫలితము రెండు విధముల వచ్చెను. పాత అప్పులు తగ్గి అనేక కుటుంబముల భూములు నిలిచెను. ఇది గొప్ప మేలు. కాని షాహుకారులు క్రొత్తగా అప్పిచ్చుటకు వెనుదీసిరి. పెద్ద భూమిగలవారు యుద్ధకాలమున ధరలు పెరుగగా బాకీలు తీర్చుకొనిరి. 1945-46లో నారాయణస్వామి నాయుడుగారు చేసిన విచారణలో మొత్తముమీద అప్పు తగ్గినను, కౌలుదారులు, కూలీలు మొదలగు చిన్నవారి భారము పెరిగెనని తేలెను.

ఆ కాలముననే మరియొక త్రోవయు తెరువబడెను. 1929లో మద్రాసున కేంద్ర భూమి తనఖా బాంకు స్థాపింపబడెను. అది డిబెంచరులను అమ్మి సొమ్ము సేకరించెను; వాని అసలునకును వడ్డీకిని ప్రభుత్వము జామీనుగా నిలిచెను. పట్టణమున సొమ్ము దాచుకొన్నవాడు డిబెంచరు కొనెను. ఆ సొమ్ము పల్లెలోని రైతు పాత అప్పు తీర్చుకొనుటకు దీర్ఘకాలపు ఋణముగా వచ్చెను. పత్రమును పరపతియు రైతునకు మేలు చేయవలెనన్న ఇట్లే చేయవలయును. అప్పు తీర్చు శక్తిని పెంచుట, అప్పునకు తగిన గడువునిచ్చుట, తిరిగి వచ్చిన సొమ్మును మరియొక రైతున కిచ్చుట.

ఇటీవలి నాలుగు ఎన్నికలు

2008 ఫిబ్రవరి బడ్జెటులో, మరుసటి యేటి ఎన్నికలకు ముందు, కేంద్ర ప్రభుత్వము ఋణమాఫీని ప్రకటించెను. రెండు హెక్టారులలోపు రైతుల బకాయి పూర్తిగా తీరెను. తక్కినవారు మూడు వంతులు కట్టినచో నాలుగవ వంతు తగ్గెను. బకాయిపడినవారికే యిది, సకాలమున కట్టినవారికి కేంద్రమునుండి ఏమియు లేదు. వారి యసంతృప్తిని గ్రహించి మన రాష్ట్ర ప్రభుత్వము అట్టివారికి 5,000 రూపాయల ప్రోత్సాహకము నిచ్చెను.

2014 సంగతి పైన చెప్పితిని. 2019లో పద్ధతి మారెను. అప్పు తీర్చుటకు మారుగా రైతు ఖాతాలో నగదు వేయుట వచ్చెను. కేంద్రము పీఎం కిసాన్ పేర ఏటికి 6,000. రాష్ట్రము దానితో కలిపి 13,500. ఈ రైతు భరోసా పథకము 2019 అక్టోబరు 15న మన నెల్లూరు జిల్లాలోనే, కాకుటూరు వద్ద ఆరంభమయ్యెను. 2024 ఎన్నికల పిదప వచ్చిన ప్రభుత్వము అన్నదాత సుఖీభవ పేర కేంద్రపు వంతు కలుపుకొని ఏటికి 20,000 చొప్పున నిర్ణయించి, 2025 ఆగస్టు 2న మొదటి విడత వేసెను. అదే కాలమున తెలంగాణలో 2023 ఎన్నికల వాగ్దానము ననుసరించి 2024 జూలై, ఆగస్టు నెలలలో మూడు విడతలుగా 2 లక్షలవరకు మాఫీ జరిగెను.

ఈ రెండు పద్ధతులకు పరపతి విషయమున పెద్ద భేదము కలదు. ఖాతాలో వేసిన నగదు కట్టినవానికిని వచ్చును, కట్టనివానికిని వచ్చును. అప్పు కట్టు అలవాటును చెరుపదు. మాఫీ మాత్రము ప్రకటన కాకమునుపే పనిచేయ నారంభించును. వచ్చునను ఆశతోనే వసూళ్లు నిలిచిపోవును. ఇక కౌలుదారు మాట. మాఫీ అప్పు పత్రమున్నవానికి. నగదు పట్టా యున్నవానికి. రెండును లేని కౌలు రైతు బయటి వడ్డీకే పోవలసివచ్చును. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద కౌలుదారు కార్డు తీసికొనుటకు వీలు కలదు. భూమియజమాని సమ్మతింపక అనేకులు కార్డునకు దూరముగా నున్నారు. ఒక పైరునకు కార్డిచ్చుటవలన భూమి పోదని యజమానులు గ్రహింపవలయును.

సంఘములో సొమ్ము ఎట్లు పారును?

మన సంఘము రైతునకిచ్చు సొమ్ము సంఘపు ఇనుపపెట్టెలో పుట్టినది కాదు. కొంత సభ్యుల వాటాధనము, డిపాజిట్లు. పెద్ద వంతు జిల్లా సహకార కేంద్ర బాంకునుండి వచ్చును. దానికి రాష్ట్ర సహకార బాంకునుండి. దానికి 1982లో ఏర్పడిన నాబార్డునుండి. సంగం ఆనకట్టనుండి కనిగిరి జలాశయమునకు, అక్కడనుండి పిల్లకాలువలకు నీరు పారునట్లు ఇది పైనుండి క్రిందకు పారును. అయితే యొక భేదము. నీరు తిరిగి పైకి పోనక్కరలేదు, సొమ్ము పోవలెను. క్రింది గ్రామము కట్టనిచో సంఘము జిల్లా బాంకునకు కట్టలేదు. వాయిదా దాటిన సంఘమునకు క్రొత్త సొమ్ము రాదు. అప్పుడు కట్టినవానికిని కట్టనివానికిని కలిపి త్రోవ మూసికొనును. ప్రభుత్వము మాఫీ సొమ్మును ఆలస్యముగా పంపిన కాలమంతయు ఈ బాధ సంఘమే పడును.

1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనలో రైతుల అప్పులో సహకార సంఘముల వంతు నూటికి సుమారు 3 మాత్రమే. వడ్డీవ్యాపారుల వంతు నూటికి 70కి దాదాపు. అట్టి స్థితినుండి సంఘములను ఇంతవరకు తెచ్చుటకు డెబ్బది యేండ్లు పట్టెను. ఒక వేసవిలో వసూలు నిలిపివేసి మరల వెనుకకు పోవుట సులభమే.

రూపాయి విలువ, ఎరువు మూట

రూపాయి మాట పట్టణవాసులదని తలచవలదు. 1991 జూన్ ఎన్నికల పిదప మన తెలుగువారైన పి. వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయిరి. ఆనాడు పరదేశ సరుకులు కొనుటకు దేశమువద్ద కొద్దివారములకు సరిపడు ద్రవ్యమే యుండెను. జూలై 1, 3 తేదీలలో రూపాయి విలువను రెండు మారులు తగ్గించిరి. డాలరు వెల సుమారు 21 నుండి సుమారు 26 రూపాయలాయెను. ఆ నెలలోనే రిజర్వు బాంకు 46 టన్నులకు పైబడిన బంగారమును విదేశమునకు పంపి కుదువపెట్టి అప్పు తెచ్చెను. ఇంటి బంగారము కుదువపెట్టి పైరు గట్టెక్కించుట మనకు తెలిసినదే. ఆనాడు దేశమే ఆ పని చేసెను.

దాని ఫలితము పల్లెకు ఎరువు మూట రూపమున వచ్చెను. 1991 బడ్జెటులో ఎరువుల వెలలు మొదట నూటికి 40, పిదప తగ్గించి 30 పెంచిరి. 1992 ఆగస్టులో భాస్వరము, పొటాషు ఎరువులపై ధర నియంత్రణము తొలగించిరి. యూరియాపై మాత్రము నిలిపిరి. వాని వెలలు ఎగిసిపోగా రైతులు యూరియావైపు మొగ్గిరి. నేటికిని అనేక పొలములలో నత్రజని మితిమీరి, పైరు పడిపోయి, దోమపోటునకు లోనగుటకు బీజము అక్కడ పడినది. పొటాషు మనదేశమునకు దాదాపు పూర్తిగా దిగుమతియే. 2025లో 45 కిలోల యూరియా మూట 266 రూపాయల 50 పైసలకును, 50 కిలోల డీఏపీ 1,350కిని దొరకుటకు కారణము కేంద్రపు రాయితీ. రూపాయి తగ్గినప్పుడు ఆ రాయితీ బరువు పెరుగును. బరువు మోయలేనినాడు అది రైతుమీదికి దిగును.

రూపాయి తగ్గుటవలన మేలు పొందువారును కలరు. మన జిల్లా తీరమున రొయ్యలు పెంచువారి సరుకు డాలర్లకు అమ్ముడుపోవును. రూపాయి తగ్గిన వారికి కలిసివచ్చును. అయితే 2024 నవంబరులో అమెరికాలో ఎన్నిక జరిగి క్రొత్త ప్రభుత్వము వచ్చినది. 2025 ఆగస్టు 27నుండి మనదేశపు సరుకులపై నూటికి 50 సుంకము విధించినది. రూపాయి ఆ సంవత్సరాంతమునకు డాలరుకు 90 దాటినను, రొయ్యల రైతునకు ఆ లాభము సుంకముముందు నిలువలేదు. ఎన్నిక మనది కాకపోయినను దాని యల మన తీరమును తాకుననుటకు ఇదియే సాక్ష్యము.

భయపడుటయు తగదు. 2024 జూన్ 4న లోకసభ ఫలితములు వచ్చినప్పుడు బొంబాయి వాటాల సూచి ఒక్కనాడు 4,000 అంకెలకు పైగా పడెను. ఆ వారము ముగియకముందే మరల లేచెను. ఒకనాటి గాలికి పైరును తీర్పు చెప్పరాదు.

ఎన్నికల పిమ్మట రైతు చూడవలసిన గురుతులు

మొదటిది, సభలలో చెప్పిన మాటకాదు, బడ్జెటులో కేటాయింపు ఉన్నదా యని చూడుడు. కేటాయింపులేని వాగ్దానము విత్తులేని దుక్కి.

రెండవది, ఉత్తరువు చదివించుకొనుడు. ఏ తేదీనాటి అప్పు, పంట ఋణమా, బంగారముపై తెచ్చినదా, కుటుంబమునకు పరిమితి యెంత, కౌలుదారు కలడా యని విచారింపుడు.

మూడవది, సొమ్ము ఒకేసారియా, వాయిదాలా యని చూడుడు. వాయిదాలైనచో రాబోవు ఎన్నికకు ముందు ఎన్ని ముగియునో లెక్కింపుడు. ఆ పిమ్మటి వాటిని రాబడిలో చేర్చుకొని అప్పు చేయకుడు.

నాలుగవది, మీ ఖాతాలో జమపడి, సంఘ కార్యదర్శి సంతకముతో బాకీ తీరినట్లు పుస్తకములో ఎక్కినవరకు అప్పు తీరలేదు.

ఐదవది, వడ్డీరేటు. రిజర్వు బాంకు 2025లో తన రేటును 6.50 నుండి 5.25కు తగ్గించెను. పంట ఋణపు వడ్డీ రాయితీవలన 7గా కట్టబడియున్నందున అందులో మార్పు కనబడదు. ట్రాక్టరు, బోరు, పాడిపశువుల ఋణములకు మాత్రము తేడా రావచ్చును, అడిగి తెలిసికొనుడు. తాకట్టు లేకుండ ఇయ్యదగిన వ్యవసాయ ఋణపు పరిమితి 2025 జనవరి 1నుండి 2 లక్షలాయెను. ఈ సంగతి తెలియక పట్టా తాకట్టు పెట్టువారు ఇంకను కలరు.

లక్ష రూపాయల పంట ఋణము తెచ్చినవాడు ఒక సంవత్సరములో సకాలమున కట్టిన వడ్డీ 4,000. గడువు దాటినవానికి ఆ మూడు వంతుల తగ్గింపు పోవును. గడువు తరువాతి కాలమునకు 7 వడ్డీయు నిలువక బాంకు మామూలు వడ్డీ పడును. అన్నిటికంటె మించి, రాబోవు పైరునకు అప్పు పుట్టదు. 2025-26లో సాధారణ రకము ధాన్యపు మద్దతు ధర క్వింటాలుకు 2,369. మన జిల్లా పుట్టి 850 కిలోలు గావున పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు ఏడాది వడ్డీకే ఒక పుట్టికి పైగా కొలువవలయును. నాలుగు వడ్డీవానికి పుట్టిలో అయిదవ వంతు చాలును.

కరవు వచ్చి, వరద వచ్చి నిజముగా కట్టలేనివాని మాట వేరు. అట్టివాడు దాగికొనక గడువునకు ముందే సంఘమునకు వచ్చి అర్జీ పెట్టుకొనవలయును. పంట నష్టము నిర్ణయమైన ప్రాంతములలో స్వల్పకాలపు అప్పును దీర్ఘకాలపు వాయిదాలుగా మార్చు విధానము కలదు. మాఫీ వచ్చినప్పుడు దానిని పొందుటయు తప్పుకాదు; అది రైతు హక్కుగా ప్రభుత్వమిచ్చినది. కట్టగలిగియుండి, రాని మాఫీకై కట్టకుండుటయే నేను వలదనునది.

ఇటీవల ఆ రైతు మరల నాకు కనబడెను. సంగమేశ్వరుని గుడికి పోవు త్రోవలో నిలిచి, "ఈసారి అడక్కుండానే కట్టేశానయ్యా" అని చెప్పెను. 2014లో నేను చెప్పవలసిన మాటను ఆయన పదేండ్లు నష్టపడి నేర్చుకొనెను. చెప్పదగినవాడు చెప్పవలసిన సమయమున ఊరకుండుట యెంత ఖరీదైనదో నేనును నేర్చుకొంటిని. అందువలననే ఇది వ్రాసితిని. చదువనేర్చిన సభ్యులు చదువనేరని పొరుగువారికి దీనిని చదివి వినిపింపవలయునని కోరుచున్నాను.